ఏకాదశి మౌనం

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తరవాత జరిగిందో నేను కొంచెం అటూ ఇటూ చేసి ఉండవచ్చు. ఈ మధ్య జరిగినవి గుర్తుంటున్నాయి గాని వాటి వరస జారిపోతోంది. అది కాస్తా పూర్తిగా జారిపోకముందే రాసి పెడుతున్నాను. కొంత ఆ ఆస్పత్రి వంటశాలలో పనిచేస్తూ నేను చూసినది. మిగతాది అక్కడే ఆయాగా పనిచేసిన పైడమ్మ చెప్పినది.

నాగావళి ఒడ్డున ఒక ఆశ్రమం, దానికొక చిన్న ఆస్పత్రి ఉండేవి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళకీ, కొండల మీది వాళ్ళకీ అదే దిక్కు. ఆస్పత్రిని నడిపేవాడు డాక్టర్ సోమశేఖరం. పట్నంలో బాగా సాగుతున్న ప్రాక్టీసు వదులుకుని, ఆశ్రమం పెద్దస్వామి అచ్యుతబోధుల వారికి శిష్యుడై వచ్చినవాడు. హస్తవాసి మంచిది. మనసూ మంచిదే. కోపం మాత్రం ముక్కుమీద ఉండేది.

ఆయన ఒకరోజు స్వామి దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

"ఆస్పత్రి నా చేతిలోంచి జారిపోతోంది స్వామీ. ఇద్దరు నర్సులు మానేసి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు తప్పులు చేస్తారు, చేసి దాచేస్తారు. నేను నియమాలు పెంచినకొద్దీ తప్పులూ పెరుగుతున్నాయి."

"ఏం నియమాలు పెట్టావు నాయనా?"

డాక్టరు చెప్పాడు. వార్డులో ఎవరో కునుకు తీశారని స్టూళ్ళన్నీ తీయించేశాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ నిలబడే ఉండాలి. తప్పు చేసిన వాళ్ళకి ఆ రోజే ఉద్యోగం ఆఖరు అన్నాడు, ఒకామెను అలాగే పంపించేశాడు కూడా. ఏకాదశి నాడు ఆశ్రమంలో సాధువులు పాటించే ఉపవాసం, మౌనం ఆస్పత్రి వాళ్ళకీ పెట్టాడు. ఆ రోజు తెల్లవారిన దగ్గర్నుంచి పనివాళ్ళు తమలో తాము మాట్లాడుకోకూడదు. రోగి అడిగితే జవాబు చెప్పవచ్చు. డాక్టరు అడిగితే చెప్పాలి. అంతే.

"కబుర్లు తగ్గితే సేవలో మనసు నిలుస్తుందని పెట్టాను స్వామీ."

"నిలిచిందా?"

"లేదు. అందుకే వచ్చాను. మీరొక్కసారి వచ్చి వాళ్ళకి సేవాధర్మం గురించి నాలుగు మాటలు చెప్పాలి."

"నువ్వు చెబుతున్నావు కదా. వాళ్ళేమంటారు?"

"ఏమీ అనరు. నా ముందు ఒక్కరూ నోరెత్తరు స్వామీ."

ఆ మాట అంటున్నప్పుడు డాక్టరు కొంచెం నిటారుగా కూర్చున్నాడట.

స్వామి "ఈ ఏకాదశికి వస్తాను" అన్నారు.

ఆ ఏకాదశికి ముందు రాత్రి వాన దంచి కొట్టింది. మగవాళ్ళ వార్డులో కిటికీ మూల కప్పు కారడం మొదలుపెట్టింది. ఆ మూల మంచం మీద ఉండేది రిటైరైన బడిపంతులు ఒకాయన. ఆయనది చక్కెర జబ్బు. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సూది వెయ్యాలి. అందరూ ఆయన్ని మేష్టారూ అనే పిలిచేవాళ్ళు. నీళ్ళు మీద పడుతుంటే ఆయన వణికిపోతున్నాడు.

మధ్య వరసలో కూర్మయ్య అని ఒక నేతగాడు ఉండేవాడు. టైఫాయిడ్ వచ్చి తగ్గుముఖం పట్టింది. ఇంకా గంజి మీదే ఉన్నాడు. అతను లేచి కూర్చున్నాడు.

"ఓ మేష్టారూ, నా మంచమ్మీదికి రా. నేనా మూలకి పోతాను."

"తడిసిపోతావురా బాబూ."

"పుట్టిన కాణ్ణించీ గుంటమగ్గంలో కాళ్ళెట్టుకుని కూకున్నోణ్ణి. నాకు సెమ్మేటి కొత్తా? పిల్లలకి పాటాలు సెప్పీసి నువ్వు సుకుమారంగా అయిపోయావు గాని."

రాత్రి నర్సు కాంతమ్మ, పైడమ్మ కలిసి ఇద్దరినీ అటూ ఇటూ మార్చారు. మూల మంచాన్ని కాస్త ఇవతలికి లాగి, నీళ్ళు పడేచోట బకెట్టు పెట్టారు. కూర్మయ్య నెత్తిమీదికి దుప్పటి లాక్కుని పడుకున్నాడు. ఏ మంచం ఎవరిదో రాసి గోడ మేకులకు తగిలించిన పేర్ల చీటీలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

తెల్లవారింది. పగటి నర్సు రాహేలు వచ్చింది. ఆమెది పార్వతీపురం వైపు. క్రైస్తవుల పిల్ల. ఏకాదశి ఆమెది కాదు గాని నియమం అందరిదీ. మంచానపడ్డ తల్లితో, చదువుకునే తమ్ముళ్ళతో ఆస్పత్రి వెనక గదిలో ఉండేది. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది. మానేసిన వాళ్ళ పని కూడా తనే చేస్తూ ముందురోజంతా నిలబడే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏకాదశి కాబట్టి టీ కూడా లేదు.

తెల్లవారిపోయింది గనక కాంతమ్మ నోరు విప్పకూడదు. డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. ఆమె కప్పువైపు వేలు చూపించింది. తరవాత రెండు చేతులూ ఒకదాని మీంచి ఒకటి అటూ ఇటూ తిప్పి చూపించింది. రాహేలు తల ఊపింది. కప్పు కారింది, అటూ ఇటూ అందరూ తడిశారు అని ఆమెకు అర్థమైంది. కాంతమ్మ వెళ్ళిపోయింది. పైడమ్మ తడిసిన దుప్పట్లు తీసుకుని రేవుకి పోయింది.

రాహేలు ఇన్సులిన్ తీసుకుని కిటికీ మూలకి వెళ్ళింది. దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికి ఉంది. సూది వేసింది. కూర్మయ్య నిద్రలోనే, తనకు రోజూ వేసే సూదే అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

డాక్టరు రౌండుకి రావడానికి ఇంకా వేళ ఉంది. కూర్మయ్య పెళ్ళాం నీలమ్మ గంజి తేవడానికి వంటశాలకి వచ్చింది. గంజి కాగేదాకా నా పక్కనే కూర్చుంది. గిన్నె పట్టుకుని ఆమె తిరిగి వెళ్ళేసరికి మొగుడు చల్లటి చెమటలు కక్కుతున్నాడు. పిలిస్తే పలకడం లేదు. ఆమె కేక పెట్టింది.

సరిగ్గా అప్పుడే మధ్య వరసలోంచి మేష్టారు నవ్వుతూ, "అమ్మా రాహేలూ, ఇవాళ నాకు సూది ఎగ్గొట్టావే" అన్నాడు.

రాహేలు మేష్టారి మొహం చూసింది. మూల మంచం చూసింది. ఆమె మళ్ళీ గోడ మీది చీటీ చూడడం పైడమ్మ చూసింది. పైడమ్మ అప్పుడే దుప్పట్లు ఆరేసి వచ్చింది.

డాక్టరు పరుగెత్తుకు వచ్చాడు. నాడి చూశాడు, కనురెప్పలు ఎత్తి చూశాడు, కడుపు నొక్కి చూశాడు. అంత చెమట, అంత వేగంగా నాడి. టైఫాయిడ్‌లో ఒక్కోసారి లోపల పేగు చిల్లుపడి మనిషి ఇలా జారిపోతాడు. ఆయన భయం అది. అదే అయితే పట్నం పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. వానకి దారి ఎలా ఉందో తెలియదు.

"ఈ మంచం మీదికి ఇతన్నెవరు మార్చారు?"

మేష్టారు కూడా దుప్పటి గడ్డం దాకా లాక్కుని ముడుచుకున్నాడు.

"ఎవరు మార్చారని అడుగుతున్నాను! నన్నడక్కుండా ఈ వార్డులో మనుషుల్ని మార్చేది ఎవరు? ఇవాళ ఎవరో ఒకరు పెట్టె సర్దుకోవలసిందే!"

పైడమ్మ నేల చూసింది. రాహేలు నేల చూసింది. చెబితే కాంతమ్మ పోతుంది. తనూ పోతుంది.

రాహేలు వెళ్ళి గ్లాసులో పంచదార నీళ్ళు కలుపుకు వచ్చింది. డాక్టరు గుండె పరీక్ష చేస్తూ కళ్ళు మూసుకుని వింటున్నప్పుడు, చెంచాతో కూర్మయ్య పెదవుల మధ్య పొయ్యబోయింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏం చేస్తున్నావు? స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తావా? ఊపిరితిత్తుల్లోకి పోతే? చంపేస్తావా వాణ్ణి? పో అవతలికి!"

చెంచా కింద పడింది. రాహేలు గ్లాసు పట్టుకుని గోడకి జరిగిపోయింది.

"జీపు తియ్యమను! పరుపు వెయ్యమను!" అని డాక్టరు అరిచాడు. నీలమ్మ మొగుడి కాళ్ళు పట్టుకుని, "ఓలమ్మో, రాత్రి దాకా బాగున్నాడు బాబూ, మేష్టారితో పరాసికాలాడేడు బాబూ" అని ఏడుస్తోంది.

అప్పుడు పెద్దస్వామి గుమ్మంలో కనిపించారు. చెప్పిన ప్రకారం ఏకాదశికి వచ్చారు. ఆయన చెప్పబోయే నాలుగు మాటలు వినడానికి వంటశాల వాళ్ళం, తోటపని వాళ్ళు అప్పటికే వసారాలో నిలబడి ఉన్నాం.

"స్వామీ, ఇవాళ కాదు. మనిషి పోతున్నాడు" అన్నాడు డాక్టరు.

స్వామి లోపలికి వచ్చారు. మంచం మీది మనిషిని చూశారు. గోడకి అంటుకుపోయిన రాహేలుని చూశారు. ఆమె చేతిలో గ్లాసు చూశారు.

"ఏమైంది?"

"ఏమైందో తెలియడం లేదు. ఎవరూ చెప్పరు. చూశారుగా, ఇదీ వీళ్ళ వరస. రాతిబొమ్మల్లా నిలబడతారు."

స్వామి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు బయటికి వెళ్ళు."

డాక్టరుకి అర్థం కాలేదు. "ఏమిటి స్వామీ?"

"గుమ్మం దాటి నిలబడు."

"రోగిని వదిలేసా? నేను డాక్టర్ని స్వామీ! నేను బయటికి పోతే వీణ్ణి ఎవరు చూస్తారు?"

"వెళ్ళు నాయనా."

స్వామి గొంతు పెంచలేదు. కాని ఆ మాటకి ఎదురు చెప్పడం ఆ ఆశ్రమంలో ఎవరికీ అలవాటు లేదు. డాక్టరు మెడలో ఉన్న గొట్టం చేత్తో గట్టిగా పట్టుకుని బయటికి వచ్చాడు. మొహం ఎర్రబడిపోయింది. వసారాలో మా అందరి ముందూ నిలబడ్డాడు. మేం తలలు దించుకున్నాం. తలుపు ఆయన వెనక మూసుకుంది.

ఆ మూసిన తలుపు ముందు ఆయన నిలబడిన తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. చూరు నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. అవతల జీపు స్టార్టు కాక గుర్రుగుర్రుమంటోంది. ఆయన ఒకసారి తలుపు మీద చెయ్యి వేశాడు. మళ్ళీ తీసేశాడు. లోపల ఒక మనిషి ప్రాణం పోతుంటే, దాన్ని నిలపడం తెలిసినవాడు బయట నిలబడ్డాడు. లోపల నీలమ్మ ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. తరవాత ఆ ఏడుపూ ఆగింది. మేమందరం అదే అనుకున్నాం, అయిపోయిందని.

తలుపు తెరుచుకుంది. రాహేలు వచ్చింది. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"డాక్టరు గారూ. మేష్టారికి వెయ్యాల్సిన ఇన్సులిన్ నేను కూర్మయ్యకి వేసేశాను."

ఆయన ఒక్క క్షణం ఆమెను చూశాడు. ఆమెను తోసుకుంటూ లోపలికి పరుగెత్తాడు. "గ్లూకోజు! రాహేలూ, గ్లూకోజు తే! పెద్ద సిరంజి!" ఆమె అప్పటికే బీరువా తెరుస్తోంది. ఆమె కూర్మయ్య చెయ్యి పట్టుకుని కట్టు బిగించింది. ఆయన నరం వెతికాడు. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దొరికింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆ మందు లోపలికి పోవడం చూశారు.

తలుపు తెరిచే ఉంది గనక ఈసారి మేమూ చూశాం. కూర్మయ్య నుదురు ముడుచుకుంది. తల అటూ ఇటూ కదిపాడు. నెమ్మదిగా కళ్ళు విప్పి ముందు పెళ్ళాన్ని చూశాడు.

"ఏటే, ఎందుకేడస్తన్నావు? గంజి మాడిపోనాదేటి?"

నీలమ్మ అతని చెంప మీద ఒక్కటి వేసి, మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. మధ్య వరసలో మేష్టారు దుప్పటితో కళ్ళు తుడుచుకున్నాడు.

మందు ప్రభావం ఇంకా ఉంటుంది గనక గ్లూకోజు సీసా కట్టించి, పక్కనే పైడమ్మని ఉంచి, డాక్టరు చేతులు కడుక్కుని వసారాలోకి వచ్చాడు. స్వామి అక్కడ స్తంభం దగ్గర నిలబడి ఉన్నారు.

"లోపల మీరేం అడిగారు స్వామీ?"

"ఏమీ అడగలేదు."

"మరి ఎలా చెప్పింది?"

"నిన్ను బయటికి పంపించాను. అంతే."



ఇంతలో రాహేలు మందుల బీరువా తాళాలు పట్టుకుని వచ్చింది. వాటిని ఆయన ముందు పెట్టింది.

"గది సాయంత్రానికి ఖాళీ చేస్తాం డాక్టరు గారూ. అమ్మ నడవలేదు. బండి దొరికేదాకా ఆగనిస్తే చాలు. కాంతమ్మక్కది మాత్రం తప్పు లేదు. ఆమె చెప్పింది. నాకే అర్థం కాలేదు."

"చెప్పిందా? ఎలా చెప్పింది?"

రాహేలు కప్పువైపు వేలు చూపించింది. రెండు చేతులూ అటూ ఇటూ తిప్పింది. ఆ చేతుల కేసి డాక్టరు చాలాసేపు చూశాడు. ఏకాదశి నియమం పెట్టింది తనే.

"తెలిసిన తరవాతైనా చెప్పవచ్చు కదా. నేను అక్కడే ఉన్నాను. అడుగుతూనే ఉన్నాను."

"ఎవరు చేశారని అడిగారు" అంది రాహేలు. "ఏం జరిగిందని అడగలేదు."

ఆయన మొహంలోకి నెత్తురు ఎగదన్నింది. నోరు తెరిచాడు. పాత సోమశేఖరమైతే ఆ మాటకి ఆమె సాయంత్రం దాకా కూడా ఉండేది కాదు. రాహేలు తల దించలేదు. పోయేది ఎలాగూ పోయింది, ఇంక దించడం ఎందుకు అన్నట్టు నిలబడింది.

డాక్టరు నోరు మూసుకున్నాడు. తాళాలు తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు.

"మేష్టారికి ఇంకా సూది వెయ్యలేదు" అన్నాడు. "నేను పక్కన ఉంటాను. వెయ్యి."

ఆమె లోపలికి వెళ్ళింది. ఆయనా వెళ్ళాడు. మేష్టారు తన చెయ్యి తనే బయటికి చాపి, "పేరు చెప్పమంటారా ముందు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు గాని రాహేలు పెదవి కొంచెం కదిలింది.

తిరిగి వచ్చాక డాక్టరు స్వామికి చేతులు జోడించాడు.

"అందరూ వచ్చి ఉన్నారు స్వామీ. నాలుగు మాటలు చెప్పండి."

స్వామి మావైపు చూశారు. పొద్దుట్నుంచి ఏమీ తినక, కూర్చోవడానికి ఏమీ లేక, గోడలకి చేరబడి నిలబడి ఉన్న మనుషులం. ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

డాక్టరు వెంటపడ్డాడు. "ఈ మౌనం నియమం ఇవాళే తీసేస్తాను స్వామీ."

"తియ్యడం ఎందుకు నాయనా? ఉండనీ" అన్నారు స్వామి. "ఒక్కడు పాటిస్తే చాలు."

వాన వెలిసిన దారిలో, గుంటలు తప్పించుకుంటూ వెళ్ళిపోయారు.

డాక్టరు వెనక్కి తిరిగాడు. తరవాత తన గదిలోకి వెళ్ళి, తను కూర్చునే కుర్చీ తనే మోసుకొచ్చి వార్డులో కూర్మయ్య మంచం పక్కన వేశాడు. పైడమ్మని కూర్చోమని చేత్తో చూపించాడు. తను ఆ తడి నేల మీదే, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మమ్మల్నీ లోపలికి రమ్మని సైగ చేశాడు. మేము వెళ్ళి చుట్టూ నిలబడ్డాం. ఎందుకు పిలిచాడో ఎవరికీ తెలియలేదు. ఆయన ఒక్కొక్కరి మొహమూ చూస్తున్నాడు. ఏమీ మాట్లాడడం లేదు.

పైడమ్మ కుర్చీ అంచుమీద, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు కూర్చుంది. కొంతసేపు చూసి ఆవిడే అడిగింది.

"సెప్తే ఇంటారా బాబూ?"

ఆయన మాట్లాడలేదు.

"కోప్పడరు కదా?"

అప్పుడూ మాట్లాడలేదు. కళ్ళు మాత్రం ఆమె మీంచి తియ్యలేదు.

"అయితే ముందా కప్పు సంగతి ఇనండి" అని పైడమ్మ కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. "అది కారడం నిన్నా మొన్నా కాదు..."

కామాక్షి వదినా, నువ్వూ అప్పుడు వంటశాలలో నా పక్కనే ఉన్నావు. ఆ నర్సు పేరు రాహేలేనా, రూతా? నేతగాడు కూర్మయ్యేనా? ఒకసారి చదివి పేర్లు సరిచెయ్యి. నేను తప్పు రాసి ఉంటే, బాధపడతానని ఊరుకోకు. చెప్పు.